ఛేజ్ సమం మీదే మొదలవ్వాలి: ఒక గేమ్‌కి డప్పుతో సంగీతం చేసిన వివరం

గేమ్‌కి సంగీతం చేసేటప్పుడు ఎక్కువ టైమ్ తినేసేది అతుకులు. బాణీ ఒక పూటలో కుదరొచ్చు. ఆ బాణీలోంచి ఇంకో బాణీలోకి ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి అన్నది తేలడానికి వారాలు పడుతుంది. సినిమాలో హీరో ఏ సెకనుకి పరుగు తీస్తాడో ఎడిటర్ ముందే ఖాయం చేసి ఇస్తాడు. రీరికార్డింగ్‌లో ఆ ఫ్రేమ్ చూసుకుని దెబ్బ వేస్తే సరిపోతుంది. గేమ్‌లో పరుగు తీసేది ఆడేవాళ్లు. ఒకరు లెవెల్ మొదలైన పది సెకన్లకే దొరికిపోతారు, ఇంకొకరు పొద చాటున పావుగంట కూర్చుంటారు. ఇద్దరికీ ఆ సంగీతం తమ కోసమే కట్టినట్టు వినపడాలి.

హైదరాబాద్‌లోని ఒక చిన్న స్టూడియో కోసం చేసిన గేమ్ గురించి ఇక్కడ రాస్తున్నాను. ఒప్పందం ప్రకారం గేమ్ పేరూ స్టూడియో పేరూ చెప్పకూడదు, మిగతాదంతా చెప్పొచ్చు. కథ కాకతీయుల నాటి ఒక ఊరి చెరువు చుట్టూ తిరుగుతుంది. కథానాయిక నీరటి కూతురు. చెరువు తూము ఎత్తుతూ దించుతూ ఏ మడికి ఎంత నీరు పారాలో చూసుకునే మనిషి నీరటి. తండ్రి మంచాన పడితే రాత్రిపూట కట్ట కాపలా ఆ పిల్ల మీద పడుతుంది. కట్టకు గండి కొట్టడానికి శత్రువుల మనుషులు చీకట్లో వస్తుంటారు. ఆమె చేతిలో కత్తి ఉండదు. దాక్కోవాలి, చెవులు రిక్కించి వినాలి, దొరికితే ఉరకాలి. గేమ్ పీసీకీ, ఆండ్రాయిడ్‌కీ ఒకేసారి రావాలి. ఇంజిన్ యూనిటీ. గేమ్ లోపల సంగీతాన్ని నడిపించేది ఎఫ్‌మాడ్ స్టూడియో. నా రికార్డింగ్, ఎడిటింగ్ అంతా రీపర్‌లో.

ఆర్ట్ టీమ్ వాళ్లు రామప్ప, పాఖాల, లక్నవరం చెరువుల ఫొటోలు ఎదురుగా పెట్టుకుని బొమ్మలు గీశారు. నాకు వచ్చిన మొదటి రిఫరెన్స్ మాత్రం పెద్ద ఆర్కెస్ట్రా, దాని కింద జపాన్ తైకో డ్రమ్ముల శాంపిల్స్. తైకో గొప్ప వాద్యమే. కానీ అది ఓరుగల్లు పక్కన చెరువు కట్ట మీద మోగితే తెర మీద అంత కష్టపడి గీసిన ఊరు చెవికి ఇంకెక్కడిదో అయిపోతుంది. నేను డప్పు, జమిడిక, గజ్జెలు, వేణువు, తంబుర అడిగాను. 13వ శతాబ్దంలో ఆ కట్ట మీద ఏం వాయించారో వినిపించే రికార్డింగ్ ఎవరి దగ్గరా ఉండదు కదా. అందుకే "ఆ కాలపు సంగీతం" అని ఎక్కడా చెప్పుకోకూడదని, ఇవాళ ఆ నేల మీద బతికున్న వాద్యాలతో చేస్తున్నామనే చెప్పాలని ముందే మాట్లాడుకున్నాం. స్టూడియో వెంటనే ఒప్పుకుంది.

మూడు స్థితులు, ఒక మీట

గేమ్ ప్రతి క్షణం ఎఫ్‌మాడ్‌కి ఒక అంకె పంపిస్తుంది. దానికి 'ప్రమాదం' అని పేరు పెట్టాం. సున్నా నుంచి వంద దాకా ఉంటుంది. శత్రువుల కాపలావాడు దూరంగా ఉంటే తక్కువ, దగ్గరకొస్తే ఎక్కువ, చూసేస్తే వంద. ఆ అంకెను బట్టి సంగీతం మూడు స్థితుల్లో ఉంటుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడు తంబుర మీద వేణువు. అనుమానం మొదలైతే కింద జమిడిక, గజ్జెలు చేరతాయి. దొరికిపోతే డప్పుతో ఛేజ్.

మొదటి రెండింటి మధ్య అతుకు సులభం. రెండూ ఒకే టెంపో, ఒకే రాగం. జమిడిక ట్రాక్ మొదటి నుంచీ మిగతావాటితో పాటే మోగుతూ ఉంటుంది, వాల్యూమ్ సున్నాలో ఉంటుందంతే. ప్రమాదం 30 దాటగానే అది మెల్లగా పైకి లేస్తుంది. ఆడేవాళ్లకు ఏదో మారిందని చెవికి తెలియకముందే ఒంటికి తెలుస్తుంది. జమిడిక దీనికోసమే పుట్టిందా అనిపించింది నాకు. చర్మం మధ్యలోంచి తీసిన తంతిని లాగి పట్టి మీటుతారు. లాగేకొద్దీ శ్రుతి పైకి పోతుంది, వదిలితే జారుతుంది. బైండ్ల కళాకారులు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు కథలో బిగువు పెరిగే చోట ఆ తంతి ఎలా మూలుగుతుందో విన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది, దాన్ని పట్టించుకోకపోతే ఎంత మంచి సంగీతమైనా పాడవుతుంది. కాపలావాడు సరిగ్గా గీత మీద అటూ ఇటూ తిరుగుతుంటే అంకె 59, 61, 58, 62 అని ఊగుతుంది. స్థితి మారే గీత 60 దగ్గరే పెడితే సంగీతం రెండు సెకన్లకోసారి అటూ ఇటూ గెంతుతుంది. అందుకే లోపలికి వెళ్లే గీత, బయటకు వచ్చే గీత వేరు వేరుగా పెట్టాం. 60 దాటితే ఛేజ్‌లోకి. బయటకు రావాలంటే 40 కిందికి దిగాలి, దిగి ఐదు సెకన్లు అక్కడే ఉండాలి. ఇది ప్రోగ్రామర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. సంగీతం చేసేవాళ్లు దీన్ని వాళ్లకే వదిలేయకూడదని నా గట్టి అభిప్రాయం.

అసలు చిక్కు మూడో స్థితితో వచ్చింది.

ముక్తాయి

ప్రశాంతం, అనుమానం రెండూ ఆదితాళం, నిమిషానికి 80 దెబ్బలు. అంటే ఒక దెబ్బ 0.75 సెకను, ఒక ఆవర్తనం, అంటే తాళం ఎనిమిది దెబ్బల చుట్టు, 6 సెకన్లు. ఛేజ్ టెంపో 120. కాపలావాడు చూసిన క్షణం ఆవర్తనంలో ఎక్కడైనా పడొచ్చు.

మామూలుగా రెండు దార్లు ఉంటాయి. ఆవర్తనం పూర్తయి సమం, అంటే తర్వాతి ఆవర్తనం మొదటి దెబ్బ, వచ్చేదాకా ఆగి ఛేజ్ మొదలుపెట్టడం ఒకటి. వినడానికి అందంగా ఉంటుంది కానీ అందుకు ఆరు సెకన్ల దాకా ఆగాలి, అప్పటికి ఆ పిల్ల దొరికిపోయి కూర్చుంటుంది. పాతదాన్ని అక్కడికక్కడ కోసి కొత్తది అంటించడం రెండోది. వేగంగానే ఉంటుంది, కానీ తాళం విరుగుతుంది. తాళం విరిగిందని మన శ్రోతలకు చదువుకోకపోయినా తెలుస్తుంది. చేత్తో తొడ మీద దరువేసుకునే జనం మనం.

ఈ సమస్య కొత్తదేం కాదు. 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్‌లో కిందికి దిగే నాలుగు స్వరాలు శత్రువులు తగ్గేకొద్దీ వేగం పుంజుకునేవి. లూకాస్‌ఆర్ట్స్‌లో మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌కానెల్ కలిసి తయారు చేసిన ఐమ్యూజ్ పద్ధతి 1991లో మంకీ ఐలాండ్ రెండో గేమ్‌తో బయటికొచ్చింది. ఆడే మనిషి ఒక చోటు నుంచి ఇంకో చోటుకు వెళ్తే పాట ఏ దెబ్బ దగ్గరున్నా అక్కణ్నుంచే ఒక వంతెన లాంటి ముక్క వాయించి కొత్త పాటలో దించేది. అప్పట్లో సంగీతం అంతా మిడి, అంటే వాయించాల్సిన స్వరాల జాబితా మాత్రమే, కాబట్టి ఎక్కడైనా విరవొచ్చు, కలపొచ్చు. తర్వాత నిజమైన రికార్డింగులు వచ్చాక నాణ్యత పెరిగింది, ఆ వెసులుబాటు పోయింది. ఒకసారి రికార్డయిన దెబ్బను మళ్లీ వంచలేం. ఎఫ్‌మాడ్, వైజ్ లాంటి టూల్స్‌తో ఆ వెసులుబాటును కొంత వెనక్కి తెచ్చుకుంటున్నాం.

నాకు వంతెన మన కచేరీల్లోనే దొరికింది. మృదంగం తని ఆవర్తనంలో (ఒంటరిగా వాయించే ఘట్టంలో) ఎక్కడికెక్కడికో వెళ్లొచ్చి చివరికి ఒక ముక్క మూడుసార్లు వాయించి సరిగ్గా సమం మీద దిగుతారే, అదే ముక్తాయి. అది మొదలైన క్షణం నుంచే వినేవాళ్లకు 'వస్తోంది, వస్తోంది' అని అర్థమవుతుంది. ఎక్కడ దిగుతుందో ముందే తెలుసు కాబట్టి ఆ ఎదురుచూపులోనే బిగువు ఉంటుంది. కాపలావాడు చూసిన తర్వాతి దెబ్బ మీదే డప్పు ముక్తాయి మొదలైతే ఆడే మనిషికి ప్రమాదం వెంటనే వినపడుతుంది, ఛేజ్ మాత్రం సమం మీదే దిగుతుంది. తొందరా తీరుతుంది, తాళమూ నిలుస్తుంది.

ఇంకొకటి కూడా కలిసొచ్చింది. 80 టెంపోలో తిశ్ర గతి (దెబ్బను మూడుగా విడగొట్టే నడక) రెండో కాలం, అంటే దానికి రెట్టింపు వేగం, పట్టుకుంటే దెబ్బకు ఆరు మాత్రలు (చిన్న ముక్కలు), నిమిషానికి 480. 120 టెంపోలో చతురశ్ర గతిలో దెబ్బకు నాలుగు మాత్రలు, నిమిషానికి అదే 480. అంటే ముక్తాయిని తిశ్రంలో వాయిస్తే, సమం దాటగానే అదే మాత్ర ఛేజ్‌లో చతురశ్రం అయిపోతుంది. వేగం మారిందని తెలుస్తుంది కానీ ఎక్కడ మారిందో పట్టుకోలేం. 80, 120 అనే అంకెలు ఎంచుకుందే ఇందుకు.

ఇక లెక్క. ముక్తాయిలో ఒక ముక్క మూడుసార్లు వస్తుంది, మధ్యలో రెండు విరామాలు. సమానికి ఇంకా రెండు దెబ్బలుంటే పన్నెండు మాత్రలు నింపాలి, మూడుంటే పద్దెనిమిది, నాలుగుంటే ఇరవై నాలుగు. విరామాన్ని ఎప్పుడూ మూడు మాత్రలే ఉంచితే ముక్క రెండు, నాలుగు, ఆరు మాత్రలుగా చక్కగా పెరుగుతుంది:

రెండు దెబ్బలకు: తక . . . తక . . . తక
మూడింటికి: తకధిమి . . . తకధిమి . . . తకధిమి
నాలుగింటికి: తకిటతకిట . . . తకిటతకిట . . . తకిటతకిట

ఒకే దెబ్బ మిగిలితే విరామానికి చోటు లేదు, తకతకతక అని ఆరు మాత్రలూ ఒక్క ఊపులో. ప్రతిదాని తర్వాతా వచ్చే దెబ్బ సమం.

మొదట ఎనిమిది దెబ్బల దాకా ఇలాగే ముక్తాయిలు రాశాను. కాగితం మీద పొడుగు ముక్తాయిలు చాలా అందంగా ఉన్నాయి. గేమ్‌లో పెట్టి ఆడిస్తే ఆరు సెకన్ల ముక్తాయి పరుగు కంటే పొడుగ్గా అనిపించింది. అందుకని ఛేజ్ దిగడానికి ఆవర్తనంలో రెండు చోట్లు ఒప్పుకున్నాను. ఒకటి సమం, రెండోది లఘువు (మొదటి నాలుగు దెబ్బలు) ముగిసి ద్రుతం (తర్వాతి రెండు) మొదలయ్యే ఐదో దెబ్బ. ఛేజ్ బాణీ నాలుగు దెబ్బల ముక్కలతో కట్టింది కాబట్టి ఐదో దెబ్బ మీద దిగినా కుంటదు. ఇప్పుడు నాలుగు ముక్తాయిలు చాలు. కాపలావాడు చూసినప్పటి నుంచి ఛేజ్ పూర్తిగా మొదలయ్యేదాకా ఎంత ఆలస్యమైనా 3.75 సెకన్లు, అందులో 0.75 సెకను లోపే డప్పు మొదలైపోయి ఉంటుంది. ఆ 0.75 కూడా ఖాళీగా వదల్లేదు. చూసిన క్షణమే, తాళంతో పని లేకుండా, గజ్జెల మూట ఒక్కసారి ఝల్లుమంటుంది.

ఎఫ్‌మాడ్‌లో ఇది పెట్టడం పెద్ద కష్టం కాదు. టైమ్‌లైన్ మీద టెంపో గుర్తులు పెట్టి, ప్రతి దెబ్బకూ ఒక ట్రాన్సిషన్ రీజియన్ (ఇక్కణ్నుంచి వేరే బాణీలోకి వెళ్లొచ్చని చెప్పే గుర్తు) గీసి, దానికి తగిన ముక్తాయిని ట్రాన్సిషన్ టైమ్‌లైన్‌లో ఉంచాం. ఒక్కో ముక్తాయికి మూడు రకాల వాయింపులు రికార్డ్ చేసి, ఏది మోగాలో లాటరీకి వదిలేశాం. ఛేజ్ బాణీకి కూడా మూడు మొదళ్లు ఇచ్చాం. బాణీ మొత్తం 64 సెకన్లు, కానీ చాలా ఛేజ్‌లు అరనిమిషంలో తేలిపోతాయి. అంటే జనం ఎక్కువసార్లు వినేది మొదటి భాగమే. చాలామంది కంపోజర్లు తమ బలమంతా బాణీ మధ్యలో, చివర్లో పెడతారు. గేమ్‌లో అది దాచి పెట్టుకున్నట్టే.

ఛేజ్ నుంచి బయటపడే అతుకు వేరు. తప్పించుకున్నాక గుండె ఒక్కసారిగా నెమ్మదించదు. డప్పు సమం మీద ఒక్క దెబ్బతో ఆగిపోతుంది, ఒక ఆవర్తనం పాటు జమిడిక ఒక్కటే ఉంటుంది, తర్వాతే వేణువు.

డప్పు రికార్డింగ్

ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. డప్పు కళాకారులు వరంగల్ వైపు నుంచి వచ్చారు, ఒక పెద్దాయనా ఆయన బృందమూ. చెక్క వలయం, మేకతోలు. కుడిచేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. డప్పు గట్టి వాద్యం, చిన్న వాయిస్ బూత్‌లో పెడితే గోడలు తిరిగి కొడతాయి. అందుకే ఎత్తైన కప్పున్న ఒక రిహార్సల్ హాలు తీసుకుని, గోడల వెంట పరుపులు నిలబెట్టాం. ఒక్కో డప్పు దగ్గర ఒక డైనమిక్ మైక్, దూరంగా ఎత్తులో ఒక జత కండెన్సర్ మైకులు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. లెవెల్స్ చాలా తగ్గించి పెట్టాను. సిర్ర దెబ్బ శిఖరం మీటర్ చూపించేలోపే కొట్టేసి పోతుంది.

డప్పును వాయించే ముందు మంట దగ్గర కాస్తారు. తోలు బిగుసుకుని కంగుమని పలుకుతుంది. కాసేపటికి చల్లబడి, గాలిలోని తేమకు వదులై, శ్రుతి దిగిపోతుంది. జాతరలో అది సమస్యే కాదు, మళ్లీ మంట దగ్గరికి తీసుకెళ్తారు. గేమ్‌లో అయితే పొద్దున రికార్డ్ చేసిన ముక్తాయి తర్వాత సాయంత్రం రికార్డ్ చేసిన ఛేజ్ దిగాలి, రెండింటి శ్రుతి వేరైతే అతుకు అక్కడే బయటపడిపోతుంది. అందుకని హాలు తలుపు బయట గడ్డి, కాగితాలతో మంట సిద్ధంగా ఉంచాం. డప్పులు వంతులవారీగా కాచాం. ప్రతి టేక్ మొదట్లో ఒక దెబ్బ, చివర్లో ఒక దెబ్బ విడిగా కొట్టించాను, ఎంత దిగిందో ఆ రెండూ పోల్చి చూసేవాణ్ని. పొడుగు టేకులు మానేసి చిన్న చిన్న ముక్కలే తీశాం. ముక్తాయిలు, ఛేజ్ మొదళ్లు మాత్రం అప్పుడే కాచిన డప్పు మీదే, వెంటవెంటనే. దిగిపోయిన డప్పు మీద తీసినవి పారెయ్యలేదు. ఆ మెత్తటి, లోతైన మోత అనుమానం స్థితిలో దూరంగా వినపడే దెబ్బలకు బాగా పనికొచ్చింది.

క్లిక్ ట్రాక్, అంటే వాయించేవాళ్ల చెవిలో తాళం చూపించే చప్పుడు, గురించి ముందే ఆలోచించుకున్నాను. డప్పు బృందం ఒకరినొకరు చూసుకుంటూ, అడుగు కదుపుతూ వాయిస్తుంది. అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి బీప్ బీప్ వినిపిస్తే ఆ చూపులు తెగిపోతాయి. పెద్దాయన ఒక్కరికే ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఇచ్చి, బీప్ బదులు గజ్జెల శబ్దాన్ని తాళంగా వినిపించాను. మిగతావాళ్లు ఎప్పటిలాగే ఆయన్ని చూసి వాయించారు. బృందంలో దరువు మార్చాలనుకుంటే ముందున్న మనిషి ఒక గుర్తు దెబ్బ వేస్తాడు, అందరూ అందుకుంటారు. జాతరలో జనం ఊపు చూసి, దేవుడి ఊరేగింపు ఎక్కడికొచ్చిందో చూసి దరువు మారుతూ ఉంటుంది. గేమ్ ఇంజనీర్లు అడాప్టివ్ మ్యూజిక్ అని పిలిచే పనిని వీళ్లు తరతరాలుగా వీధిలో నిలబడి చేస్తున్నారు.

నేను సొల్లుకట్టులో (తక, ధిమి లాంటి నోటి జతుల్లో) చెప్పిన ముక్తాయిని పెద్దాయన ఒకటి రెండుసార్లు విని, డండనక అని తన నోటి లెక్కలోకి మార్చుకుని, బృందానికి అందించాడు. మూడు మాత్రల విరామం దగ్గర ఆయన చేసిన పని చూసి తీరాలి. నేను అక్కడ నిశ్శబ్దం రాశాను. ఆయన సిర్రను ఆపి, సిటికెన పుల్లతో తోలు అంచు మీద చిన్నగా గరగరలాడించాడు. నిశ్శబ్దం కంటే అది వెయ్యి రెట్లు భయపెట్టింది. తర్వాత ఫోన్ స్పీకర్‌లో విన్నప్పుడు ఇంకో లాభం కూడా తెలిసింది. చిన్న స్పీకర్‌లో అసలైన నిశ్శబ్దం వస్తే సౌండ్ ఆగిపోయిందేమో అనిపిస్తుంది, ఆ గరగర దారం తెగనివ్వలేదు.

ఏ దరువు ఎక్కడ వాడొచ్చో రికార్డింగ్‌కి ముందే అడిగాను. పెళ్లి దరువు వేరు, జాతర దరువు వేరు, చావు దరువు వేరు. ఛేజ్ కోసం నేను వినిపించిన నమూనాల్లో ఒకటి విని ఆయన తల అడ్డంగా ఊపాడు. "గది సావు దరువు బిడ్డా. పాణం కాపాడుకోనీకి ఉరికే పిల్ల ఎనక గది కొట్టద్దు." దాన్ని ఛేజ్ లోంచి తీసేశాం. కథలో చివరికి తండ్రి చనిపోయే ఘట్టం ఉంది. అక్కడ వాడొచ్చా అని అడిగితే, "గక్కడైతే కొట్టాలె" అని, తనే నిలబడి, క్లిక్ లేకుండా, ఒక్క టేక్‌లో వాయించాడు. ఆ ఘట్టాన్ని డైరెక్టర్ ఆ టేక్ పొడుగుకు తగ్గట్టు మళ్లీ ఎడిట్ చేశాడు. గేమ్ మొత్తంలో బొమ్మ సంగీతాన్ని అనుసరించిన చోటు అదొక్కటే.

తంబుర కదిలితే తెల్లవారుతుంది

వేణువుకు హిందోళ రాగం తీసుకున్నాను. రిషభం, పంచమం లేవు, ఐదే స్వరాలు. ఏ ముక్క తర్వాత ఏ ముక్క వచ్చినా గొడవ పడవు, కాబట్టి వేణువును పొడుగు పాటగా కాకుండా చిన్న చిన్న ముక్కలుగా వాయించి, మధ్యలో ఖాళీలు వదిలి, వరుసను గేమ్‌కే వదిలేశాం. పావుగంట పొదలో కూర్చున్న మనిషికి ఒకే లూప్ తిరిగి తిరిగి వినపడితే చిరాకొస్తుంది. నాలుగు నిమిషాలు ఏమీ జరక్కపోతే వేణువు కూడా ఆగి, కీచురాళ్లూ నీళ్ల చప్పుడూ మిగులుతాయి.

లెవెల్ గెలిస్తే తెల్లవారుతుంది. అక్కడ కొత్త పాట కావాలని స్టూడియో అడిగింది. ఫైల్ సైజుకు చోటు లేదు. గ్రహభేదం అక్కరకొచ్చింది. హిందోళంలోని ధైవతాన్ని షడ్జంగా పట్టుకుంటే అవే ఐదు స్వరాలు మోహన రాగం అవుతాయి. అంటే వేణువు ముక్కల్ని ముట్టుకోనక్కర్లేదు. వేణువు రెండున్నర శ్రుతిలో ఉంది. కింద మోగే తంబురను రెండున్నర నుంచి ఏడు శ్రుతికి మారిస్తే చాలు, రాత్రంతా బెంగగా వినపడిన అవే ముక్కలు వెలుతురులోకి వచ్చినట్టుంటాయి. అదనంగా ఖర్చయింది ఒక చిన్న తంబుర లూప్ మాత్రమే. నేను రాసిన సంగీతమంతటిలో నాకు బాగా నచ్చే చోటు ఇదే, అక్కడ కొత్తగా రాసిన స్వరం ఒక్కటి కూడా లేదు.

ఫోన్‌లోకి ఎక్కించడం

ఆడియో మొత్తానికి 40 ఎంబీ ఇచ్చారు. 16 బిట్‌కి దించినా, కంప్రెస్ చెయ్యని 48 కిలోహెర్ట్జ్ స్టీరియో ఒక నిమిషానికి 11.5 ఎంబీ తింటుంది. వోర్బిస్ అనే కంప్రెషన్ ఫార్మాట్‌లో 128 కేబీపీఎస్‌కి తెస్తే ఒక ఎంబీ లోపే. లూప్ చెయ్యాల్సిన ఫైల్ ఎప్పుడూ ఎంపీ3లో ఇవ్వకూడదు. ఎన్‌కోడర్ మొదట్లో, చివర్లో కొద్దిపాటి ఖాళీ చేరుస్తుంది, తంబుర లూప్ అయితే ఎక్కిళ్లు వచ్చినట్టు ఆగి ఆగి మోగుతుంది. రివర్బ్ తోక, అంటే దెబ్బ తర్వాత మిగిలే ప్రతిధ్వని, కూడా తెగకుండా చూడాలి. లూప్‌ని వరుసగా రెండుసార్లు వాయించి, రెండోదాన్ని మాత్రమే కోసి ఇస్తే, చివరి దెబ్బ మోత మొదట్లోకి దానంతటదే వచ్చి చేరుతుంది.

ముక్తాయిల్ని మాత్రం స్ట్రీమింగ్‌లో పెట్టలేదు. ఫోన్ స్టోరేజ్ లోంచి అప్పటికప్పుడు చదువుకుంటూ మోగించే ఫైల్ చవక ఫోన్లలో కొంచెం ఆలస్యంగా మొదలవుతుంది. తంబురకు పర్వాలేదు. దెబ్బ మీద పడాల్సిన డప్పుకు ఆ ఆలస్యం చాలు, మొత్తం లెక్క కుప్పకూలడానికి. చిన్న ముక్కలన్నీ లెవెల్ లోడ్ అయ్యేటప్పుడే మెమరీలోకి ఎక్కించాం.

ఫోన్ స్పీకర్‌లో 200, 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ రాదు. డప్పు లోతు మోత మొత్తం అక్కడే ఉంటుంది. అది పోతే పుల్ల చప్పుడు మాత్రమే మిగిలి, డబ్బా కొట్టినట్టుంటుంది. లోతు మోతకు కొద్దిగా శాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్) ఇచ్చి, దాని పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు) 400 నుంచి 800 హెర్ట్జ్ మధ్య పుట్టేలా చేశాను. అసలు మోత వినపడకపోయినా చెవి దాన్ని ఊహించుకుంటుంది.

ఈ గేమ్‌లో నీళ్ల చప్పుడు అలంకారం కాదు, ఆధారం. కట్టలో ఎక్కడ నీరు కారుతోందో చెవితో పట్టుకోవాలి. ఆ సన్నటి సుయ్‌మనే చప్పుడు, పుల్ల దెబ్బ రెండూ 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్యే ఉంటాయి. అందుకని నీటి చప్పుడు మొదలవ్వగానే ఆ మేర సంగీతంలో మాత్రమే వాల్యూమ్ తగ్గేలా సైడ్‌చైన్ పెట్టాం. సంగీతం మొత్తాన్ని తగ్గిస్తే బిగువు పోతుంది, ఆ ఒక్క కిటికీ తెరిస్తే చాలు. మొత్తం వాల్యూమ్‌కు సోనీ వాళ్ల సూచన దారి చూపించింది: టీవీకి కలిపి ఆడేవాటికి -24 లఫ్స్ (చెవికి తెలిసే మోతను కొలిచే కొలత), చేతిలో పట్టుకుని ఆడేవాటికి -18. పీసీ వెర్షన్‌కి మొదటిది, ఫోన్‌కి రెండోది, కనీసం అరగంట ఆట ఆడుతూ కొలిచాం.

డబ్బు, పేరు

గేమ్ సంగీతానికి నిమిషాల లెక్కన రేటు మాట్లాడే అలవాటు ఉంది. ఇలాంటి పనికి అది కుదరదు. ఛేజ్ బాణీ ఒక నిమిషమే కావచ్చు, దాని వెనక నాలుగు ముక్తాయిలు, ఒక్కోదానికి మూడు రకాలు, మూడు మొదళ్లు, ఒక దిగుడు, వాటిని ఎఫ్‌మాడ్‌లో కట్టడం, ప్రోగ్రామర్‌తో కూర్చోవడం ఉన్నాయి. నేను నిమిషాలకు ఒక రేటు, స్థితులకూ అతుకులకూ ఇంకో రేటు, ఇంజిన్‌లో కూర్చి పరీక్షించే పనికి రోజుల లెక్క అని మూడుగా విడగొట్టి ఒప్పందం రాయించుకున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే కంపోజర్లు ఇలా విడగొట్టి అడగాలి. స్టూడియోలకు కూడా ఇది మంచిదే, ఏ పనికి డబ్బు ఇస్తున్నారో వాళ్లకు కనపడుతుంది.

కళాకారుల విషయంలో ఇంకా గట్టిగా ఉన్నాను. డప్పు శతాబ్దాలుగా చాకిరీగా చూసిన పని. పిలిచి కొట్టించుకుని, చేతిలో ఎంతో కొంత పెట్టి పంపెయ్యడం అలవాటైపోయిన పని. ప్రదర్శకులకు తమ వాయింపు మీద ఉన్న హక్కులు 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణతో ఇంకా బలపడ్డాయి. బృందంలో అందరికీ సెషన్ డబ్బు విడివిడిగా వారి వారి ఖాతాల్లోనే పడాలని, గేమ్ బయట ఎక్కడ వాడినా మళ్లీ చెల్లించాలని, క్రెడిట్స్‌లో ప్రతి ఒక్కరి పేరూ, ఊరూ, వాద్యం పేరూ తెలుగులో రావాలని రాయించాం. 'అదర్ మ్యుజీషియన్స్' అని ఒక లైనులో తేల్చెయ్యడానికి వీల్లేదు. స్టూడియో తర్వాత ట్రెయిలర్ కట్ చేసినప్పుడు నాలుగు దెబ్బల ముక్తాయినే వాడుకుంది. ఆ క్లాజు ప్రకారం బృందానికి రెండోసారి డబ్బు అందింది.